సముద్రం దాటిన గొంతు, దాటని మాట

2002 ఫిబ్రవరిలో జపాన్ పాటల మార్కెట్లోకి ఒక కొత్త గాయని తొలి సింగిల్ వచ్చింది. పాట పేరు ‘వదత్సుమి నొ కి’. పాడినది హజిమె చితోసె, అప్పటికి వయసు 23. విడుదలైన వారం ఆ పాట పట్టికలో ఎక్కడో వెనక వరసలో ఉంది. తర్వాత మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఏప్రిల్ నాటికి, అమ్మకాల లెక్కన పాటలకు స్థానాలిచ్చే ఒరికాన్ వారపు పట్టికలో మొదటి స్థానానికి చేరింది. పేరున్న గాయకుల సింగిల్స్ తొలి వారమే శిఖరానికి వెళ్ళి, రెండో వారం నుంచి జారిపోవడం జపాన్‌లో మామూలు సంగతి. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. అదే ఏడాది జూలైలో వచ్చిన ఆమె తొలి ఆల్బమ్ ‘హైనుమికజె’ కూడా మొదటి స్థానంలోనే నిలిచింది.

ఆ రోజుల్లో అమ్ముడుపోతున్న పాటల లక్షణాలేవీ ఇందులో లేవు. నడక నిదానం, కింద జమైకాలో పుట్టిన రెగే లయ. గొంతు ఒక అక్షరం మధ్యలో ఉన్నట్టుండి విరిగి పైకి ఎగిరి, ఏమీ జరగనట్టు మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. కొత్తగా విన్నవాళ్ళకు అది పొరపాటో, కావాలని చేసిన పనో కూడా అర్థం కాదు. ప్రచారకర్తలు మాత్రం దానికి ‘నూరేళ్ళకోసారి వినిపించే గొంతు’ అని పేరు పెట్టేశారు. అదే అమామి ద్వీపాల్లో పుట్టిన తకెషిత కజుహిరా అనే పాటగాడిని అంతకు కొన్ని దశాబ్దాల ముందే ‘నూరేళ్ళకొక్కడు’ అని పొగిడారు. అమామిలో నూరేళ్ళు కాస్త తొందరగానే గడుస్తాయన్నమాట.

చితోసె గెలుపు గురించి ఎక్కువగా వినిపించే కథ ఒకటుంది: సముద్రం మధ్య ఉన్న పల్లె నుంచి ఒక అమ్మాయి వేల ఏళ్ళ నాటి స్వచ్ఛమైన జానపదాన్ని మోసుకొచ్చి నగరానికి వినిపించింది అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ, వివరాల దగ్గర నిలబడదు. నగరానికి వచ్చింది గొంతును వాడే ఒక పద్ధతి. ఆ పద్ధతి పుట్టిన మాటా, ఆ మాట తిరిగిన ఇంటి కొలువూ ద్వీపంలోనే ఉండిపోయాయి. ఏది పడవ ఎక్కింది, ఏది ఒడ్డున నిలిచిపోయింది అన్న లెక్క తేలితేనే ఆమె పాటలోని విశేషం సరిగ్గా తెలుస్తుంది.

అమామి ఒషిమా జపాన్ దక్షిణాన, క్యూషూకూ ఒకినావాకూ మధ్య ఉన్న ద్వీపం. పాలన కగోషిమా జిల్లాది. కగోషిమా నగరానికి దాదాపు 380 కిలోమీటర్ల దూరం. విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టూ కికాయ్, కకెరోమా, తొకునొషిమా, ఒకినొఎరబు, యొరోన్ వంటి చిన్న ద్వీపాలు. పెద్ద ద్వీపంలో చాలా భాగం నిటారు కొండలూ దట్టమైన అడవీ. ఊళ్ళన్నీ కొండల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న చిన్న కయ్యల దగ్గర ఉంటాయి. సొరంగ మార్గాలు పడకముందు పక్క ఊరికి వెళ్ళాలంటే కొండ ఎక్కి దిగాలి, లేదా పడవ కట్టాలి. అందువల్ల ఒకే పాట ఒక్కో ఊళ్ళో ఒక్కో రూపంలో స్థిరపడింది. పదాలు మారతాయి, వరస మారుతుంది, ఆగే చోటు మారుతుంది. ఈ పాటలన్నిటినీ కలిపి ‘షిమా ఉతా’ అంటారు. వీటిలో రెండు పెద్ద బాణీలున్నాయి. ఉత్తరాన కసన్ బాణీ: నిదానంగా, గంభీరంగా సాగుతుంది. దక్షిణాన హిగ్యా బాణీ: ఎత్తుపల్లాలు ఎక్కువ, మలుపులు పదునుగా ఉంటాయి. చితోసె పుట్టిన కతొకు గ్రామం ద్వీపం దక్షిణ కొసన సెతోఉచి పట్టణ పరిధిలో ఉంది. ఆమె గొంతులోని ఆ ఎగిరిపడే తత్వం కేవలం స్వభావం వల్ల వచ్చింది కాదు. ఊరి బాణీ అది.

ఆ విరుపుకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు ‘గుయిన్’. కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి అది మొదట గమకంలా తోస్తుంది. కాస్త ఆగి వింటే తేడా తెలుస్తుంది. గమకంలో గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది, ఊగుతుంది, కానీ గొంతు నాణ్యత మారదు. గుయిన్‌లో మారేది అదే. ఛాతీ నుంచి నిండుగా వస్తున్న ధ్వని ఒక క్షణంలో పదోవంతు పాటు సన్నని దొంగగొంతులోకి దూకుతుంది. దూకిన చోట చిన్న పగులు వినిపిస్తుంది. వెంటనే తిరిగి నిండు గొంతు. అచ్చు సాగదీసే చోట, పదం చివర, ఊపిరి సగానికి వచ్చిన తర్వాత ఇది పడుతుంది. ఎక్కడ వేయాలన్నది పాటగాడి ఇష్టం. అతిగా వేస్తే పాట ముక్కలవుతుంది, వేయకపోతే చప్పగా ఉంటుంది. జపాన్ ప్రధాన భూభాగంలో ఎంకా అనే పాతతరహా పాపులర్ పాటల్లో ‘కొబుషి’ అని ఇలాంటి అలంకారమే ఉంది కానీ, అది ఎక్కువగా ఒకే గొంతులో స్వరాన్ని మెలిపెట్టడం. పొరుగున ఉన్న ఒకినావా పాటల్లోనూ దొంగగొంతుకు ఇంత పెద్ద పీట లేదు.

మరి ఇక్కడే ఎందుకు? ఎక్కువమంది చెప్పే వివరణ చాలా సాదా. అమామిలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఒకే శ్రుతిలో చరణాలు అందుకుంటారు. శ్రుతి ఆడవాళ్ళ గొంతుకు తగ్గట్టు ఎత్తుగా ఉంటే మగవాడు దొంగగొంతు ఎత్తక తప్పదు. అవసరం కోసం మొదలైన పని తరతరాలకూ అలంకారమైంది. దీనికి తోడు ఇంకో నమ్మకం కూడా చెబుతారు. ఈ ద్వీపాల్లో సోదరుణ్ణి కాపాడే శక్తి సోదరిలో ఉంటుందని పాత విశ్వాసం. ‘యొయిసురా బుషి’ అనే పాటలో పడవ వెనక కొస మీద ఒక తెల్లపక్షి వాలి ఉంటుంది. అది పక్షి కాదు, కాపాడ వచ్చిన సోదరి దేవత అని తర్వాతి మాట. మగవాళ్ళు ఆడగొంతును అనుకరించడం వెనక ఈ భక్తి ఉందని కొందరు అంటారు. రెండింటిలో మొదటిదే బలంగా కనిపిస్తుంది. రెండోది అందంగా ఉంది గనుక వ్యాసాల్లో ఎక్కువగా తిరుగుతోంది.

వాద్యం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఒకినావాలో వాయించే సన్‌షిన్, అమామిలో వాయించేది చూపుకు ఒకేలా ఉంటాయి: మూడు తంత్రులు, పాము చర్మం కప్పిన చిన్న బుర్ర. ఒకినావా వాద్యకారుడు గేదె కొమ్ముతో చేసిన బరువైన మీటును వేలికి తొడుక్కుని మందమైన తెల్ల తంత్రులను కిందికి కొడతాడు. ధ్వని గుండ్రంగా వస్తుంది. అమామి వాద్యకారుడి చేతిలో ఉండేది పలచగా, పొడుగ్గా చీల్చిన వెదురు పుల్ల. తంత్రులు సన్నగా, పసుపు రంగులో, బాగా బిగించి ఉంటాయి. పుల్ల కిందికీ పైకీ రెండు వైపులా తగులుతుంది. ధ్వని పొడిగా, గీచినట్టు, ఎత్తుగా ఉంటుంది. ఎత్తు శ్రుతికి పోయే గొంతుకు ఈ సన్నని తంత్రులే సరిజోడు.

స్వరాల వరస కూడా వేరే. ఒకినావా పాటల్లో వినిపించే ఐదు స్వరాలు మన గంభీరనాట స్వరాలకు సరిపోతాయి. అమామి పాటల్లో అర్ధస్వరాల దూరం ఉండదు. మధ్యమావతి, శుద్ధ ధన్యాసి వంటి రాగాల కుటుంబానికి చెందిన వరసలు అవి, ప్రధాన భూభాగపు జానపదాలకు దగ్గర. ఈ రెండు వరసల మధ్య సరిహద్దు తొకునొషిమాకూ ఒకినొఎరబుకూ మధ్య సముద్రం మీదుగా పోతుంది. పాలనా సరిహద్దు ఇంకా దక్షిణాన, యొరోన్ దాటాక ఉంది. పటం మీది గీతకూ పాట గీసుకున్న గీతకూ పొంతన లేదు. 1990ల మొదట్లో ‘ది బూమ్’ అనే రాక్ బృందం ఒకినావా వరసలో ‘షిమా ఉతా’ పేరుతోనే ఒక పాట చేసి దేశమంతా మోగించడంతో ఈ తికమక ఇంకా పెరిగింది. చాలామంది జపనీయులకు ఆ పేరు చెబితే ఇప్పటికీ ఒకినావాయే గుర్తొస్తుంది.

పాట పుట్టిన చోటును ‘ఉతా అసోబి’ అంటారు. ఒక ఇంట్లో చాప మీద పదిమంది కూర్చుంటారు. బెల్లం నుంచి తీసిన షోచు మద్యం తిరుగుతుంది. తొలి పాట దాదాపు ఎప్పుడూ ‘అసబనా బుషి’. వచ్చినవాళ్ళను పలకరించడానికీ, గొంతు సవరించుకోవడానికీ అదే. ఒకరు చరణం ఎత్తుకుంటారు. చరణానికి 8, 8, 8, 6 అక్షరాల కట్టు ఉంటుంది. పక్కనున్నవాళ్ళు ‘హయాషి’ అందిస్తారు, అంటే వంత. ఇంకొకరు జవాబు చరణం అందుకుంటారు. జవాబు పాతదైనా కావచ్చు, అప్పటికప్పుడు కట్టిందైనా కావచ్చు. ఎదుటివాడిని ఆటపట్టించవచ్చు, ప్రేమ తెలపవచ్చు, నిన్నటి తగువును ఎత్తిపొడవవచ్చు. ఎవరికి తగిన చరణం సమయానికి తడుతుందో వాళ్ళదే ఆ రాత్రి. చివర్లో ‘రొకుచో’ వేగం అందుకుంటుంది, అందరూ లేచి చేతులు ఊపుతూ ఆడతారు. పేరున్న పాటగాడిని ‘ఉతాష’ అంటారు గానీ, అతను వేరే వృత్తి చేసుకునే మనిషే. ఎన్నో తరాల గాయకులకు ఆదర్శమైన త్సుబొయమా యుతకా పడవలు చేసే వడ్రంగి. తొకునొషిమా ఎద్దుల పోటీల మీద ‘వైదో బుషి’ కట్టినది ఆయనే. అది కొత్త పాటే అయినా ద్వీపాల్లో ఎప్పటినుంచో ఉన్నట్టు కలిసిపోయింది.

ఈ పాటల్లో దుఃఖం పాలు ఎక్కువ. కారణం చరిత్రలో ఉంది. ఒకినావా కేంద్రంగా ఉన్న ర్యూక్యూ రాజ్యం కింద ఉన్న ఈ ద్వీపాలను 1609లో క్యూషూ దక్షిణాన ఉన్న సత్సుమా సంస్థానం సైన్యంతో వచ్చి పట్టుకుంది. తర్వాత చెరకు పన్ను మొదలైంది. 1830 నుంచి పండిన బెల్లం మొత్తం సంస్థానానికే అప్పగించాలి. దొంగచాటుగా అమ్మితే కఠిన శిక్షలు. బాకీ తీర్చలేనివాళ్ళు ‘యన్‌చు’ అనే పేరుతో ధనికుల ఇళ్ళలో కట్టుబానిసలయ్యారు. అలాంటి ఒక యన్‌చు యువతి కన్‌త్సుమె ప్రేమ, యజమాని హింస, ఆమె చావు ఒక పాటగా మిగిలాయి. రాత్రిపూట దాన్ని పాడకూడదని పెద్దవాళ్ళు హెచ్చరించేవారు. సత్సుమా ముద్ర ఇంకోచోట కూడా ఉంది: పేర్లలో. అమామి స్థానికులు ఇంటిపేరు పెట్టుకోవాలంటే ఒకే చిత్రాక్షరం ఉండాలన్నది ఆ పాలకుల నియమం. ప్రధాన భూభాగపు సమురాయిలతో కలిసిపోకుండా, చూడగానే వేరేవాళ్ళని తెలియడానికి. హజిమె, అతారి, కిజుకి, సతొ: ఈ వ్యాసంలో కనిపించే అమామి గాయకుల ఇంటిపేర్లలో ఈ నాలుగూ ఒక్కో అక్షరంతో రాసేవే. ఒకప్పుడు వేరుచేయడానికి వాడిన గుర్తు ఇప్పుడు సీడీ అట్ట మీద ప్రత్యేకతలా మెరుస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946 ఫిబ్రవరిలో అమామిని జపాన్ నుంచి విడదీసి అమెరికా సైనిక పాలన కింద పెట్టారు. కవి ఇజుమి హోరో ముందుండి నడిపిన ఉద్యమంలో 14 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు అందరూ సంతకాలు చేశారు, నిరాహార దీక్షలు జరిగాయి. 1953 డిసెంబర్ 25న ద్వీపాలు తిరిగి జపాన్‌లో కలిశాయి. కలిశాక యువకులు పనికోసం ఒసాకాకూ టోక్యోకూ వలసపోయారు. పాట కూడా వాళ్ళ వెంట వెళ్ళాలి కదా? వెళ్ళింది, కానీ వింత రూపంలో. 1962లో తబతా యొషియో అనే ప్రధాన భూభాగపు గాయకుడు ‘షిమా సొదచి’ అనే పాటను రికార్డు చేశాడు. ఎర్రబారిన సైకాడ్ గింజలు, ఒషిమా పట్టు నేసే అమ్మాయి, నల్లకెరటాల సముద్రం, అన్నీ అమామివే. పాట దేశమంతా మోగింది. 1963లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఏడాది చివరి కొహాకు పాటల కార్యక్రమంలోనూ తబతా దాన్నే పాడాడు. కానీ గొంతు పూర్తిగా ప్రధాన భూభాగపు పాపులర్ గాయకుడిది. గుయిన్ లేదు, వెదురు పుల్ల గీత లేదు. ద్వీపం దృశ్యంగా వెళ్ళింది, ధ్వనిగా వెళ్ళలేదు.

నలభై ఏళ్ళ తర్వాత చితోసె చేసింది దీనికి అచ్చంగా ఎదురు పని. ‘వదత్సుమి నొ కి’ మాటలూ వరసా కట్టినది ఉఎదా గెన్. ‘లాప్పిష్’ అనే స్కా, రాక్ బృందంలో కీబోర్డు వాయించే సంగీతకారుడు. రెగే నడక ఆయన చేతి గుర్తు. మాటలు ప్రామాణిక జపనీస్‌లో ఉన్నాయి, అమామి మాండలికంలో కాదు. సముద్రం, పడవ, చెట్టు ఉన్నా ఏ ఊరి పేరూ లేదు. వరస కూడా ఏ షిమా ఉతా నుంచీ తీసుకున్నది కాదు. షిమా ఉతా నుంచి వచ్చింది ఒక్కటే, గొంతు తిరిగే తీరు. ఉఎదా తెలివి అంతా ఆ ఒక్కదానికి చోటు వదలడంలో ఉంది. బాస్ నిదానంగా నడుస్తుంది, తాళం వెనక్కి వాలి ఉంటుంది, అచ్చులు సాగడానికి ఊపిరంత ఖాళీ దొరుకుతుంది. వేగమైన నాట్యపు లయ మీద గుయిన్ పెడితే అది ఎక్కిళ్ళలా వినిపించేది. ఇక్కడ అది పాటకు వెన్నెముక. గొంతులోంచి గుయిన్‌ను చెరిపేసి ఆ పాటను ఇంకొకరితో పాడిస్తే మిగిలేది ఒక మంచి రెగే పాట మాత్రమే. జానపదాన్ని పాప్‌కు తగ్గట్టు కత్తిరించడం అందరికీ తెలిసిన దారి. ఈ పాటలో పాప్‌నే ఒక జానపద గొంతు కొలతలకు కుట్టారు. ఉఎదా 2008లో, నడివయసులోనే కన్నుమూశాడు. చితోసె పాటల్లో ఎక్కువ నిలిచినవాటి గురించి మాట్లాడినప్పుడు ఆయన పేరు ముందు రావలసినంతగా రాదు.

ఇక్కడ ‘స్వచ్ఛమైన పల్లె గొంతు’ అన్న కథ ఇంకోసారి తడబడుతుంది. చితోసె తయారైంది చాప మీది కొలువులో ఒక్కచోటే కాదు, పోటీ వేదిక మీద కూడా. అమామిలో ‘నంకాయ్ నిచినిచి’ అనే స్థానిక పత్రిక ఏటా అమామి మిన్యో తైషో, అంటే జానపద గీతాల మహా బహుమతి, పోటీ నడుపుతుంది. 1996లో, ఉన్నత పాఠశాల చివరి ఏడాదిలో ఉండగా, చితోసె ఆ పోటీలో అత్యున్నత బహుమతి గెలిచింది. అప్పటికి అంత చిన్న వయసులో గెలిచినవాళ్ళు లేరు. దీనికి ముందు జాతీయ స్థాయిలో దారి పడి ఉంది. 1979లో త్సుకిజి షున్‌జో జాతీయ మిన్యో తైషో గెలిచి అమామి పేరు దేశానికి వినిపించాడు. 1990లో అదే పోటీని 15 ఏళ్ళ అమ్మాయి గెలిచింది. ఆ అమ్మాయే తర్వాత రిక్కి పేరుతో ‘ఫైనల్ ఫాంటసీ 10’ అనే వీడియో ఆటలో పాడింది. 2001 నాటి ఆ ఆట ఆడిన తెలుగు కుర్రాళ్ళు అమామి గొంతును అప్పుడే విన్నారు, ఊరు తెలియకుండా.

పోటీ అనేది పాటను మార్చే యంత్రం. కొలువులో పాట ఎంతసేపు సాగుతుందో ఎవరికీ తెలియదు. పోటీలో నిమిషాలు లెక్క. కొలువులో చరణం జవాబు. పోటీలో ముందే ఎంచి, పదును పెట్టి, బట్టీ పట్టిన రెండు మూడు చరణాలు. కొలువులో వంత పాడేవాడే మరుక్షణం ప్రధాన గాయకుడవుతాడు. పోటీలో ఒకరు మధ్యలో, మిగతావాళ్ళు పక్కన. న్యాయనిర్ణేతలు వినేది గొంతు నిండుదనం, గుయిన్ శుభ్రత, శ్రుతి. సమయస్ఫూర్తికి మార్కులు లేవు. ఒక సామూహిక ఆటను ఒంటరి కళగా మలిచిన పని రికార్డింగ్ కంపెనీ కంటే ముందే ద్వీపంలోనే మొదలైంది. ద్వీపంలోని ప్రధాన పట్టణం నజెలో సెంట్రల్ గక్కి అనే వాద్యాల దుకాణం దశాబ్దాలుగా స్థానిక గాయకుల పాటలు రికార్డు చేసి అమ్ముతోంది. చితోసె షిమా ఉతా కూడా టోక్యో కంటే ముందు అక్కడే రికార్డయింది. ఆమెను నగరం ‘కనిపెట్టింది’ అనడంలో అర్థం లేదు. ద్వీపం అప్పటికే ఆమెను వేదిక గాయనిగా తీర్చిదిద్ది పంపింది. ఈ మార్పును తిట్టిపోయడం సులువే. కానీ పోటీలు లేకపోతే టీవీ వచ్చిన తర్వాతి తరంలో షిమా ఉతా నేర్చుకునే పిల్లలు ఎంతమంది ఉండేవారన్న ప్రశ్నకు ఆ తిట్ల దగ్గర జవాబు లేదు.

బహుమతి గెలిచిన వెంటనే చితోసె గాయని కావాలనుకోలేదు. జుట్టు అలంకరణ వృత్తి నేర్చుకుందామని ద్వీపం విడిచి వెళ్ళింది. అక్కడ వాడే రసాయనాలు చర్మానికి పడలేదు. ఆ తర్వాతే టోక్యో, సంగీతం. షిమా ఉతా పాడేవాళ్ళకు పాట జీవనోపాధి కాదు అన్న ద్వీపపు లెక్క ఆమెలోనూ అలాగే ఉందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

ఆమె ప్రభావం ఎలా పాకిందో చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. 1980లో అమామిలోనే పుట్టిన అతారి కోసుకె చిన్నప్పుడు నేర్చుకున్నది పియానో. ఉన్నత పాఠశాలలో ఉండగా తనకంటే ఏడాదిన్నర పెద్దదైన చితోసె పాట విని అదిరిపోయి, గురువు లేకుండా షిమా ఉతా సాధన మొదలుపెట్టాడు. తన ద్వీపపు పాట అతనికి తాత నోటి నుంచి అందలేదు, తన ఈడు అమ్మాయి నోటి నుంచి అందింది. సంప్రదాయం పైనుంచి కిందికే ప్రవహిస్తుందన్న అలవాటైన ఊహ ఇక్కడ పనిచేయదు. అతారి 2006లో పెద్ద కంపెనీ ద్వారా వచ్చాడు. 2008లో తైవాన్‌లో సంచలనం సృష్టించిన ‘కేప్ నంబర్ 7’ సినిమాలో తనలాగే కనిపించి, అక్కడ కూడా అభిమానులను సంపాదించుకున్నాడు.

1989లో పుట్టిన కిజుకి మినామి తొకునొషిమాలో పెరిగింది. ఆమె షిమా ఉతాలోకి రావడానికి కారణం అన్న. కగోషిమా నగరంలో బహిరంగంగా పాడుతుండగా కంపెనీ వాళ్ళ కంటపడి 2009 జనవరిలో ‘అయిత్సుముగి’తో అడుగుపెట్టింది. తర్వాత టీవీ కరావొకె పోటీలో పదిసార్లు విజేతగా నిలిచి ఇంటింటికీ తెలిసింది. అక్కడ తీర్పు చెప్పేది యంత్రం. శ్రుతి ఎంత సరిగ్గా ఉంది, వైబ్రాటో ఎంతసేపు, కొబుషి ఎన్నిసార్లు, అన్నీ అంకెలుగా తెరమీద పడతాయి. చాప మీద తాగి కూర్చున్న పెద్దమనుషులు తల ఊపి ఇచ్చే తీర్పుకూ ఈ దశాంశ స్థానాలకూ మధ్య ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అయినా ఆ గొంతు రెండు చోట్లా నెగ్గిందంటే సాధన అంత గట్టిదని ఒప్పుకోవాలి. సతొ అన్నా దారి ఇంకొకటి: 2018లో ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసిన చారిత్రక ధారావాహిక ‘సెగొదోన్’ శీర్షిక సంగీతంలో వినిపించేది ఆమె గొంతే. అమామిలో ప్రవాస శిక్ష గడిపిన సత్సుమా సమురాయి సైగో తకమొరి జీవితం ఆ కథ. ఆ పేర్ల సంగీతంలో ఆమెది ప్రధానంగా ఒక ధ్వని. కథ చెప్పే పాత్ర కాదు.

ఈ పేర్లన్నిటిలో ఒక వరస కనిపిస్తుంది. గొంతుకు గిరాకీ ఉంది, మాటకు లేదు. 2009లో యునెస్కో ప్రమాదంలో ఉన్న భాషల పటంలో అమామిని ప్రామాణిక జపనీస్ నుంచి వేరే భాషగా, స్పష్టంగా ప్రమాదంలో ఉన్నదిగా చేర్చింది. ఒకప్పుడు బడిలో మాండలికం మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా పలక వేలాడదీసేవారు. ఇంట్లోనే ఆ మాట ఆగిపోయిన తరం ఇప్పుడు తాతలైంది. షిమా ఉతా చరణాలు మాత్రం ఆ మాటలోనే ఉన్నాయి. ‘ఇక్యున్యా కనా’ అనే వీడ్కోలు పాట ఇందుకు మంచి నమూనా. వెళ్ళిపోతున్నావా, నన్ను మరిచి వెళ్ళిపోతున్నావా అని అడుగుతుంది. అంత సాదా ప్రశ్న కూడా టోక్యో శ్రోతకు అనువాదం లేకుండా అందదు. గుయిన్‌కు అనువాదం అక్కరలేదు. మార్కెట్ ఏది తీసుకుంటుందో, ఏది వదిలేస్తుందో ఇక్కడే తేలిపోతుంది.

గొంతు ఒక్కటే దాటినా అది చేయగల పని చిన్నదేమీ కాదు. 2005 ఆగస్టు 5న హిరోషిమాలో అణుబాంబు గోపురం ముందు చితోసె, సకమొతో ర్యుయిచి పియానోతో కలిసి ‘చనిపోయిన పాప’ అనే పాట పాడింది. మూలం టర్కీ కవి నాజిమ్ హిక్మత్ పద్యం. బాంబుకు బలైన ఏడేళ్ళ పాప తలుపు తలుపూ తట్టి మాట్లాడుతుంది. తనకేమీ వద్దు, మిగతా పిల్లలు బతకాలి అంటుంది. ఇలాంటి పద్యాన్ని నిండు గొంతుతో పాడితే ఉపన్యాసమవుతుంది, సన్నని గొంతుతో పాడితే పిల్ల అనుకరణ అవుతుంది. రెండింటి మధ్య పగులు మీద నిలబడే గొంతుకు ఆ ఇబ్బంది లేదు. మాట్లాడేది ఈ లోకంలో ఉందో లేదో తేలని పాత్రకు, ఏ గొంతో తేలని గొంతు. షిమా ఉతా నుంచి వచ్చిన ఉపకరణం అమామికి సంబంధం లేని పద్యంలో ఇంతకన్నా సరిగ్గా అమరిన సందర్భం చితోసె పాటల్లో మరొకటి లేదు. హిట్ పాటల జాబితాలు దీన్ని అరుదుగా లెక్కలోకి తీసుకుంటాయి.

పెళ్ళయ్యాక చితోసె కాపురం అమామికి మార్చుకుంది. పని ఉన్నప్పుడు టోక్యో వెళ్ళి రావడం. 2018లో ‘మొతో ఉతా’ అనే ఆల్బమ్ తెచ్చింది. ఈసారి పాప్ లేదు. తీగల వాద్యం, వంత, పూర్తిగా షిమా ఉతా, పూర్తిగా అమామి మాట. పెద్ద కంపెనీ ద్వారా తొలి అడుగు వేసిన 16 ఏళ్ళకు ఈ పని. ముందే ఎందుకు చేయలేదని నిలదీయవచ్చు. కానీ కొత్త గాయనిగా ఇదే తెస్తే అది జానపద విభాగపు అరలో దుమ్ముపట్టేది. పాప్ సంపాదించి పెట్టిన పేరే ఈ ఆల్బమ్‌కు శ్రోతలను తెచ్చింది. ఏడాది తిరగకుండానే ఆ పాటలను సకమొతో, టిమ్ హెకర్ వంటి ఎలక్ట్రానిక్ సంగీతకారులకు ఇచ్చి మళ్ళీ చేయించారు. ఆ రూపాల్లో వాద్యం, వంత చాలావరకు వెనక్కి పోయి గొంతు మళ్ళీ ఒంటరిగా ముందుకొచ్చింది. 2002లో జరిగిందే ఇంకో తెరమీద.

‘మొతో ఉతా’ వినే టోక్యో శ్రోతకు చరణాల అర్థం అచ్చులో చదువుకుంటే గానీ తెలియదు. నజెలోని షిమా ఉతా తరగతుల్లో నేర్చుకునే బడిపిల్లల పరిస్థితీ అంతకన్నా మెరుగేమీ కాదు. చరణం పక్కన ప్రామాణిక జపనీస్‌లో అర్థం రాసుకుని పలుకుబడి గురువు నోట విని పట్టుకుంటారు. 2007లో మొదలైన అమామి ఎఫ్ఎం వంటి స్థానిక రేడియో మాండలికంలో కార్యక్రమాలు నడుపుతూ ఆ లోటును కొంత పూడ్చే పని చేస్తోంది. అప్పటికప్పుడు చరణం కట్టి జవాబివ్వగలగాలంటే ఆ మాటలో ఆలోచన నడవాలి. అది వచ్చినవాళ్ళు ఏటికేడాది తగ్గుతున్నారు. అదే ద్వీపంలో గుయిన్ శుభ్రంగా వేయగల పదేళ్ళ పిల్లలు పోటీ వేదికల మీద కొత్తగా వస్తూనే ఉన్నారు.